మూరెడు దూరపు విరహం

కురబలకోట రైల్వే స్టేషన్‌లోని పసుపుపచ్చ బోర్డు కింద, అన్ని స్టేషన్లలో లాగే, ఆ చోటు సముద్ర మట్టానికి ఎంత ఎత్తున ఉందో రాసి ఉంటుంది. ధర్మవరం-పాకాల రైలు కోసం నిలబడ్డవాళ్ళు దాన్ని పట్టించుకోరు. పట్టించుకుని మాత్రం ఏం చేసుకుంటారు? చుట్టూ గుండ్లు, తిప్పలు, టమోటా తోటలు, వాన దయ తలిస్తే నిండే చెరువులు. సముద్రం చూడాలంటే దారిన రెండు వందల కిలోమీటర్లకు పైనే పోవాలి. అయినా మా ఎత్తును కొలిచింది ఆ సముద్రంతోనే. ఒక తెరచాప పడవ సొగసు గురించి ఇక్కడ కూర్చుని రాయడానికి నాకు ఈ చుట్టరికం చాలు. పైగా నీళ్ళకు కరువున్న సీమలో పుట్టినవాడికి నీటి మీద మోహం కొంచెం ఎక్కువే ఉంటుంది.

ఆ పడవ పేరు వాండరర్-3. 1952లో ఇంగ్లండ్‌లోని బర్నమ్-ఆన్-క్రౌచ్‌లో, విలియం కింగ్ వాళ్ళ పడవల కార్ఖానాలో తయారైంది. రూపం గీసినవాడు జాక్ లారెంట్ గైల్స్. చేయించుకున్నవాళ్ళు ఎరిక్ హిస్కాక్, సూసన్ హిస్కాక్ అనే దంపతులు. పొడవు తొమ్మిది మీటర్ల పైచిలుకు, వెడల్పు రెండున్నర. మదనపల్లె డిపో బస్సు దీనికంటే పొడుగు. వెడల్పు ఇంచుమించు అంతే. అంత జాగాలోనే వంట, పడక, సముద్ర పటాలు పరుచుకునే బల్ల, తెరచాపల మూటలు, వారాల తరబడి సరిపోయే నీళ్ళు, తిండి, పనిముట్లు, పుస్తకాలు. 1952 జులైలో బయలుదేరి, పనామా కాలువ దాటి, పసిఫిక్ దీవుల మీదుగా టోరెస్ జలసంధికి వచ్చి, ఆఫ్రికా కొసన గుడ్ హోప్ అగ్రాన్ని చుట్టి, 1955 జులైలో ఇల్లు చేరారు. 1959లో మళ్ళీ బయలుదేరి 1962కల్లా ఇంకో చుట్టు తిరిగారు. ఎరిక్‌కు చిన్ననాటి నుంచీ కంటిచూపు అంతంతమాత్రం అన్నది ఇక్కడ గుర్తు పెట్టుకోవాలి.

వాండరర్ ఫొటో మొదటిసారి చూసినవాళ్ళకు కాస్త నిరాశ కలుగుతుంది. పందెపు పడవల్లో ఉండే సన్నదనం, దూకుడు ఇందులో లేవు. ఒడ్డూపొడుగూ చూస్తే కుదిమట్టం. రెండోసారి చూడాలి. పైఅంచు గీత ముందువైపు లేచి, నడుమకు వచ్చేసరికి మెల్లగా దిగి, వెనక్కి పోతూ కొద్దిగా మళ్ళీ తల ఎత్తుతుంది. ముందు లేచింది ఎదురయ్యే అలను తోసుకుపోవడానికి. నడుమ దిగింది గాలి పట్టు తగ్గడానికి, నీళ్ళలో పడ్డ మనిషిని చేయందించి లాగడానికి. వెనక భాగం నిలువుగా కోసిన బల్లతో ముగుస్తుంది. చుక్కానిని ఆ బల్లకే బయటినుంచి తగిలించారు, చెడితే చేతికి అందేట్టు. అడుగున నిడుపాటి దూలం నీళ్ళలోకి ఒకటిన్నర మీటరు దిగి ఉంటుంది. దాని బరువు వల్ల పడవ ఒరిగినా తిరిగి లేస్తుంది, చుక్కాని కాసేపు వదిలినా దారి తప్పదు. క్షేమేంద్రుడు ఔచిత్యమే రసానికి ప్రాణమన్నాడు. పనిలేని గీత ఒక్కటీ లేని ఈ పడవను చూస్తే ఆ మాట పద్యాలకే కాదు, వడ్రంగానికీ చెల్లుతుందనిపిస్తుంది.

అయితే నన్ను కట్టిపడేసేది పడవ రూపం కాదు, అందులో ఇద్దరే ఉండటం.

సముద్రం మీద జంట అనగానే లోకానికి ఒక బొమ్మ తడుతుంది. సాయంకాలపు ఎర్రటి ఎండ, తెల్లటి చాప, ఒకరి భుజం మీద ఒకరి తల. మన సినిమా పాటలు ఆ బొమ్మను అరగదీశాయి. నడిసముద్రంలో నడిచే సంసారం వేరు. తీరం కనుమరుగయ్యాక రాత్రీ పగలూ ఎవరో ఒకరు మేలుకుని ఉండాలి. ఎదురుగా ఓడ రావచ్చు, గాలి దిక్కు మార్చుకోవచ్చు, తాడు ఒరుసుకుని తెగిపోవచ్చు. ఉన్నది ఇద్దరే కాబట్టి ఒకరు పడుకుంటే ఒకరు కాపలా. మూడు గంటలకో నాలుగు గంటలకో వంతు మారుతుంది. అతడు పైకి వచ్చేసరికి ఆమె కిందికి దిగుతుంది. అట్లాంటిక్ దాటడానికి వారాలు పడతాయి. పసిఫిక్‌లో ఇంకా ఎక్కువ. అన్నాళ్ళూ ఆలుమగలు ఒకే కప్పు కింద ఉండి, ఒకరినొకరు ఎక్కువగా చూసేది నిద్రలోనే.

ఆలంకారికులు శృంగారాన్ని సంభోగం, విప్రలంభం అని రెండుగా విడదీశారు. కలయిక ఒకటి, ఎడబాటు ఒకటి. మమ్మటుడు ఎడబాటుకు కారణాలను ఐదుగా లెక్కపెట్టాడు: అభిలాష, విరహం, ఈర్ష్య, ప్రవాసం, శాపం. ప్రవాసమంటే నాయకుడు దేశాంతరం పోవడం. విరహమంటే దగ్గరే ఉన్నా కలుసుకోలేకపోవడం. వాండరర్‌లో ఈ రెండూ విచిత్రంగా పెనవేసుకున్నాయి. ప్రవాసం ఇద్దరూ కలిసే చేస్తున్నారు, విరహం మాత్రం తప్పలేదు. అడ్డుపడేది అత్తగారు కాదు, లోకం కాదు, గడియారం. దూరమా, మూరెడు: పైన చుక్కాని పట్టుకున్న మనిషికి కింద నిద్రపోతున్న మనిషి ఊపిరి వినబడేంత. మన అష్టవిధ నాయికల్లో వాసకసజ్జిక పడక సిద్ధం చేసుకుని ప్రియుడి కోసం ఎదురుచూస్తుంది. ఈ పడవలోని ఇల్లాలూ పడకను వెచ్చబెడుతుంది, కాకపోతే అతడు అందులోకి దూరేది ఆమె లేచి వెళ్ళాక. క్షేత్రయ్య చూసి ఉంటే తొమ్మిదో నాయికకు పేరు వెతికేవాడేమో.

ఆనందవర్ధనుడు మాధుర్యం సంభోగం కంటే విప్రలంభంలో హెచ్చని చెప్పాడు. ఆ తీపి ఇక్కడ ఎక్కడుందంటే, వంతు మారే ఆ ఐదు నిమిషాల్లో ఉంది. కిందినుంచి వచ్చినవాళ్ళ చేతిలో వేడివేడి కప్పు. పైన ఉన్నవాళ్ళు గాలి ఎటుందో, ఎక్కడ దీపం కనిపించిందో, ఏ తాడు మీద కన్నేసి ఉంచాలో చెబుతారు. చెప్పేది పొడి సమాచారం. ఒక మనిషి ప్రాణాన్ని ఇంకో మనిషి చేతికి అప్పగించే మాటలవి. శుభరాత్రి చెప్పుకున్నట్టే ఉంటుంది, ఒకరికి మాత్రం అది రాత్రి కాదు.

వాణిజ్య పవనాలు వెనకనుంచి నిలకడగా వీచే చోట హిస్కాక్‌లకు కొంత వెసులుబాటు దొరికేది. కొయ్యకు అటొకటి ఇటొకటి జంట తెరచాపలు కట్టి, వాటి తాళ్ళను చుక్కానికి బిగిస్తే పడవ తనను తానే నడుపుకునేది. ఆ రోజుల్లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని భోంచేయవచ్చు. విరహకావ్యం మధ్యలో వచ్చే కలయిక ఘట్టం అనుకోవచ్చు, తాళ్ళు ముడివేసి తెచ్చుకున్నది.

ఇక రతి అనే స్థాయీభావం కంటికి కనబడేది కాదు. కడగంటి చూపు, పులకరింత వంటి అనుభావాలే దాన్ని పట్టిస్తాయి. ఈ పడవలో అనుభావాలు మరమ్మతులు. ఎండ ముందు తెరచాప కుట్లలోని దారాన్ని తింటుంది, తర్వాత గుడ్డ మీద పడుతుంది. తాడు తాడును ఒరుసుకునే చోట పాత తాళ్ళ పీచును కుచ్చులుగా కట్టి చుట్టాలి. ఉప్పునీళ్ళు ఇనుమును తింటాయి, వాననీళ్ళు చెక్కను కుళ్ళబెడతాయి. ఉష్ణ సముద్రాల్లో చెక్కను తొలిచే పురుగుంటుంది, రంగు ఒక్కచోట లేచిపోతే చాలు లోపలికి దూరి పలకను జల్లెడ చేస్తుంది. అడుగున నాచు, గుల్లలు పట్టి వేగం చస్తుంది. దాన్ని గీకడానికి పోటు మీద పడవను ఒడ్డుకు చేర్చి, గట్టుకు ఆనించి, నీళ్ళు దిగేదాకా కాచుకోవాలి. మళ్ళీ పోటు వచ్చేలోగా గంటల వ్యవధిలో గీకుడు, కడుగుడు, రంగు అన్నీ ముగియాలి. ఒక పక్క ఒకరు, రెండో పక్క ఇంకొకరు. మనిషి కనబడడు, పలకల అవతల గీకుతున్న చప్పుడు వినబడుతుంది. అభినయం తెలిసిన నర్తకి ఈ ఘట్టాన్ని పట్టుకుంటే అరగంట ఆడగలదు.

అంతకంటే గొప్ప అనుభావం కొయ్య ఎక్కడం. పైన కప్పీ చెడితే ఒకరు చిన్న పలక మీద కూర్చోవాలి, రెండోవారు తాడుతో పైకి లాగాలి. పడవ ఊగినకొద్దీ పైన ఆ ఊపు ఎన్నో రెట్లు. కిందివాళ్ళు పైకి చూడరు, చేతిలోని తాడునే చూస్తారు. పెళ్ళినాటి ప్రమాణాల్లో ఇలాంటిదొకటి ఉంటే బాగుండేది.

ఇంజనే పెట్టుకోని జంట ఒకటుండేది, లిన్ పార్డీ, లారీ పార్డీ. ఇరవై నాలుగడుగుల సెరాఫిన్‌ను తమ చేతులతో కట్టుకుని 1968లో నీళ్ళలోకి దించారు, 1983లో తలేసిన్. గాలి చస్తే పెద్ద తెడ్డు వేసేవారు. వాళ్ళ పట్టుదల గౌరవించదగ్గదే, అయినా పార్డీల పుస్తకాల్లో నాకు బోధన పాలు ఎక్కువనిపిస్తుంది. ఎరిక్ హిస్కాక్ పుస్తకాల్లోని మౌనమే నాకు ఇష్టం.

మౌనం నచ్చనివాళ్ళు మైల్స్ స్మీటన్, బెరిల్ స్మీటన్ దగ్గరికి పోవచ్చు. 1957 ఫిబ్రవరిలో, దక్షిణ పసిఫిక్‌లో కేప్ హార్న్ వైపు పోతుండగా వాళ్ళ జూ హాంగ్ పడవను ఒక మహాతరంగం ముందుకు తలకిందులుగా తిప్పి పడేసింది. చుక్కాని దగ్గరున్న బెరిల్ సముద్రంలోకి ఎగిరిపడింది. కొయ్యలు విరిగిపోయాయి, లోపల నడుముదాకా నీళ్ళు. భుజం దెబ్బతిన్న ఆమెను పైకి లాగారు. లాగగానే నీళ్ళు తోడటానికి కూర్చుంది. తోడుగా వచ్చిన జాన్ గజ్వెల్‌కు వడ్రంగం తెలుసు కాబట్టి లోపలి చెక్కలతోనే కొయ్య తయారుచేశాడు, చిలీ తీరం చేరారు. అదే ఏడాది డిసెంబరులో ఆలుమగలిద్దరే మళ్ళీ బయలుదేరితే సముద్రం మళ్ళీ బోర్లించింది. తర్వాత మైల్స్ రాసిన పుస్తకానికి పెట్టిన పేరు ‘ఒక్కసారి చాలు’ అన్న అర్థం వచ్చేది! వీరానికీ భయానకానికీ నడుమ ఇంత చల్లని హాస్యం మరెక్కడా చూడలేదు. 1968లో మూడోసారి పోయి హార్న్‌ను చుట్టే వచ్చారు.

మనకు ఈ రసం కొత్తదా అంటే, సగమే కొత్త. మా సీమ దేవుళ్ళనూ జంటగా పడవ ఎక్కిస్తారు. తిరుమలలో ఫాల్గుణ మాసాన ఐదు రాత్రులు తెప్పోత్సవం: మొదటిరోజు సీతారాములు, రెండోరోజు రుక్మిణీ కృష్ణులు, ఆపై మూడు రోజులు శ్రీదేవీ భూదేవులతో మలయప్ప. దీపాలు, నాదస్వరం, పుష్కరిణి నీటిలో తిరగబడ్డ వెలుగు. చూడ్డానికి రెండు కళ్ళు చాలవు. అది నిండు సంభోగ శృంగారం; ఆ దంపతులకు తెప్ప తోసే పని లేదు, వంతు లేదు. విప్రలంభం కావాలంటే పాలగుమ్మి పద్మరాజు ‘పడవ ప్రయాణం’ కథకు రావాలి. రంగి, పద్దాలు ఒకే పడవ ఎక్కుతారు. నడిరేయి పద్దాలు సొమ్ముతో జారుకుంటాడు, రంగి పడవలోనే మిగిలిపోతుంది. నమ్మకాన్ని పూర్తిగా తలకిందులు చేసినా అందులో రంగి ప్రేమ తరగదు. తాడు వదిలేసినవాడి మీద కూడా ప్రేమ ఉంటుందని చెప్పే ఆ కథను హిస్కాక్ దంపతులు చదివి ఉంటే ఏమనేవారో తెలుసుకోవాలని నాకు కోరిక.

మరి సరదా కోసం కాక బతుకు కోసం పడవలో కాపురం చేసేవాళ్ళ మాటేమిటి? రాజమండ్రి, ధవళేశ్వరం రేవుల దగ్గర గోదావరి మీద, పడవలోనే వండుకుని పడవలోనే పడుకునే జాలరి దంపతులున్నారు. ఒకరు తెడ్డు వేస్తే ఒకరు వల వేస్తారు. పతకాలు లేవు, పుస్తకాలు లేవు. తెల్లవాళ్ళ విహారాన్ని కావ్యమని, వీళ్ళ కాపురాన్ని పేదరికమని మాత్రమే చూడటం విమర్శకుడి కంటి దోషం. వల మీద ఒకరు, తెడ్డు మీద ఒకరు, మాట లేకుండా పడవ తిరిగే వేళ అక్కడ పలికేదీ ఇదే రాగం. తేడా ఒకటుంది, దాన్ని దాచకూడదు: హిస్కాక్‌లు వద్దనుకుంటే దిగిపోగలరు.

ఎరిక్ 1986లో న్యూజిలాండ్‌లో పోయాడు, సూసన్ 1995లో. వాండరర్-3 అంతకుముందే చేతులు మారింది. 1980లలో థీస్ మాట్జెన్ అనే జర్మన్ కొనుక్కున్నాడు. చెక్క పడవల వడ్రంగం నేర్చినవాడు. తర్వాత కిక్కీ ఎరిక్సన్ జత కలిసింది. ఇద్దరూ దశాబ్దాల పాటు అదే పడవలో కాపురం చేశారు. మంచు కొండల దక్షిణ జార్జియా దీవిలో రెండేళ్ళకు పైగా ఉన్నారు. క్రూజింగ్ క్లబ్ ఆఫ్ అమెరికా బ్లూ వాటర్ పతకం 1955లో హిస్కాక్‌లకు ఇచ్చింది, 2011లో వీళ్ళకు. అదే పడవ, రెండు జంటలు.

ఎరిక్ పుస్తకాలు ఇప్పటికీ దొరుకుతాయి. దీవుల వర్ణనలు దాటేసినా పెద్దగా నష్టం లేదు, అప్పటికే చాలామంది రాసినవే. ప్రేమ మాటల కోసం వెతకొద్దు, అలాంటివి అరుదు. ‘సూసన్’ అన్న పేరు ఎక్కడ కనిపించినా ఆగి, పక్కన ఏ క్రియ ఉందో చూడండి. లేపింది, బిగించింది, కుట్టింది, వండింది, లెక్క కట్టింది అన్న వరసలో క్రియలు తగులుతుంటే, ఆ పేజీలో రెండోసారి కాస్త నెమ్మదిగా నడవండి.