సముద్రంలో మందుపాతరలు ఏరేవాళ్లు

కరీంనగర్, ఆదిలాబాద్ అడవి దారుల్లో మందుపాతరల భయం ఎలా ఉండేదో నడివయసు దాటినవారికి చెప్పనక్కర్లేదు. పోలీసు బండి కదలాలంటే ముందుగా ఒక బృందం నడిచి కల్వర్టుల కింద వెతకాల్సి వచ్చేది. సముద్రంలో ఆ పని మైన్లు, అంటే నీటి మందుపాతరలు ఏరే మైన్‌స్వీపర్ నౌకల నావికులది. తీరం ఎక్కడో ఉంది, మనకెందుకు అనుకోవడం పొరపాటు. విదేశాల నుంచి మన పొలాలకు వచ్చే యూరియా విశాఖ, కాకినాడ, గంగవరం వంటి రేవుల్లోనే దిగాలి. రేవు ముందు మైన్లు ఉన్నాయన్న అనుమానం వస్తే చాలు, ఏ ఓడా లోపలికి రాదు. అందుకే ఈ విద్యను దేశం ఒక్క ఏడాది కూడా పాడుపెట్టకూడదు.

1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ రేవు బయట పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ దాడే కారణమని మన నౌకాదళం చెబుతుంది. తన మైనే పేలి మునిగిందనే వాదనా ఉంది. ఏది నిజమైనా అది మైన్లు మోసుకొచ్చిందన్నది వాస్తవం. అదే యుద్ధంలో బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ రేవు దారిలో పాక్ దళాలు వదిలిన మైన్లను ఏరడానికి, మునిగిన ఓడలను తీయడానికి 1972లో వచ్చిన సోవియట్ నావికులు 1974 దాకా శ్రమించారు. పదమూడు రోజుల యుద్ధం మిగిల్చిన పని అది.

ఆ శ్రమ ఎలాంటిదో చూడండి. పాతరకం మైను అడుగున బరువుకు కట్టిన తీగ మీద నీటి మధ్య నిలబడి ఉంటుంది. స్వీపర్ నౌక వెనక నుంచి పొడవాటి ఉక్కుతాడు వదులుతుంది. నీటి తోపుడుకు ఒక పలక ఆ తాడును పక్కకు లాగి పరుస్తుంది, మరొకటి కావలసిన లోతులో పట్టి ఉంచుతుంది. తాడుకు బిగించిన కట్టర్లు తీగను తెంచగానే మైను పైకి తేలుతుంది; దూరం నుంచి కాల్చి పేలుస్తారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ వదిలిన అయస్కాంత మైన్లు అడుగునే పడి ఉండి, ఇనుప ఓడ దాటగానే పేలేవి. వాటిని మోసగించడానికి జంట నౌకలు కరెంటు పారే కేబుళ్లను ఈడ్చుకెళ్లేవి. చాలా స్వీపర్లను కలపతో కట్టింది కూడా అందుకే. కొన్ని మైన్లు మొదటి ఓడలను వదిలేసి ఆ తర్వాతి ఓడ కింద పేలతాయి కాబట్టి ఒకే దారిని మళ్లీ మళ్లీ ఊడ్వాలి. ఒక్క పట్టీ తప్పినా వెనక వచ్చే ఓడ బలైపోతుంది.

ఇప్పుడు డ్రోన్లు, సోనార్లు వచ్చాయి, మనుషులెందుకని కొందరంటారు. యంత్రం చూపిన నల్లటి మచ్చ బండరాయా, మైనా అని తేల్చాల్సింది ఆ సముద్రపు అడుగును ఏళ్లుగా చూసిన కన్నే. మన తీరానికి ఎవరు మైన్లు వేస్తారులే అన్నది మరో మాట. 1950లో కొరియాలోని వొన్సాన్ దగ్గర అమెరికా మహానౌకాదళాన్ని పాతకాలపు మైన్లే రోజుల తరబడి ఆపాయి, రెండు స్వీపర్లను ముంచాయి. మన విశాఖలోని నౌకాదళ పరిశోధన ప్రయోగశాల ఎన్‌ఎస్‌టీఎల్ కూడా ఆధునిక మైనును రూపొందించింది. మనం చేయగలిగింది శత్రువూ చేయగలడు.

సోవియట్ యూనియన్ నుంచి తెచ్చుకున్న పన్నెండు స్వీపర్లలో చివరిదైన ఐఎన్‌ఎస్ కోళికోడ్ 2019లో విశాఖలో విధుల నుంచి తప్పుకుంది. కొత్తవాటికి రక్షణ కొనుగోళ్ల మండలి ప్రాథమిక ఆమోదం ఇచ్చింది 2025 జూలైలో. ఈ మధ్యకాలంలో పాత నావికులు ఒక్కొక్కరే రిటైరవుతున్నారు. నౌకలు వచ్చేదాకా ఆగకుండా, వాళ్లు ఉండగానే కొత్త కుర్రాళ్లకు ఈ పని నేర్పించాలి.