రంగు వేరు

డాలస్ నుంచి వచ్చిన మా మేనకోడలు నాకో ఎర్ర స్కార్ఫ్ తెచ్చింది. ‘ప్రెయిరీ అడవిపూల సహజ రంగు’ అని దానికో చీటీ. ప్రెయిరీ అంటే అక్కడి గడ్డిమైదానం. ఏ పువ్వో రాయలేదు. ‘సహజం’ అన్న చీటీ కనిపిస్తే నాకు పూనకం వస్తుందనీ, డబ్బా రంగుల్ని ఏళ్ల తరబడి తిడుతున్నదీ నేనేననీ ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు.

పసుపయితే నమ్ముదును. 1821లో థామస్ నటాల్ పేరుపెట్టిన కొరియాప్సిస్ టింక్టోరియా పూలు ఉడికిస్తే పసుపూ నారింజా దిగుతాయి. ఎరుపు మాత్రం ఎక్కువగా వేళ్ల సొత్తు. ప్రెయిరీలో నార్తర్న్ బెడ్‌స్ట్రా అని, తెల్లని చిట్టిపూల మొక్క ఒకటుంది. దాని సన్నటి వేళ్లు తవ్వి ఉడకేసి క్రీ తెగ స్త్రీలు ముళ్లపంది ముళ్లకు ఎరుపెక్కించేవారు. తోలు మీద ఆ ముళ్లతోనే అలంకారాలు కుట్టేవారు.

మచిలీపట్నం కలంకారీకి ఒకప్పుడు ఎరుపిచ్చిన మన చిరివేరుదీ అదే కుటుంబం. చిరివేరంటే నాకు పెడనలో చూసిన అద్దకం గుర్తొస్తుంది. కరక్కాయ పట్టించిన బట్ట మీద పటిక అచ్చు వేస్తే పెద్దగా ఏమీ కనబడదు. డేగిసాలో వేసి కాచేకొద్దీ పటిక తగిలిన చోటల్లా ఎరుపు లేచి వస్తుంది, తగలనిచోట నిలవదు. పొయ్యి పొగకు కళ్లు మండుతున్నా అక్కడే నిలబడిపోయాను. చిరివేరేనా అని అడిగితే కాచే పెద్దాయన నవ్వాడు.

“వేరు కావాలంటే మొక్కని పీకాలి గదండీ. ఇది అలిజరిన్.”

వేరులో ఉండే ఆ సరుకునే 1868లో గ్రేబె, లీబర్‌మన్ అనే జర్మన్లు బొగ్గుతారులో దొరికే పదార్థంతో తయారుచేశారు. ఆ జవాబు అప్పట్లో నాకు రుచించలేదు.

ప్రెయిరీ స్త్రీలూ ఆ పెద్దాయన దారివాళ్లే. వర్తకులు ఎర్ర ఉన్నిబట్ట తెచ్చాక, దాని పేలికల్ని ముళ్లతో కలిపి ఉడకబెట్టి రంగు లాక్కున్నారు. వాళ్లకు కావలసింది ఎరుపు. వేరు మీద బెంగంతా మనది.

ఇంతకీ ఆ ప్రెయిరీ మైదానాన్ని తిన్నది అద్దకం కాదు, వ్యవసాయం. 1837లో జాన్ డీర్ ఉక్కు నాగలి చేశాక దాని పని మరీ సులువైంది. నిలువెత్తు గడ్డి పెరిగే ప్రెయిరీలో ఇవాళ నూటికి నాలుగు వంతులు కూడా మిగల్లేదు. మిగిలినదాంట్లో కొంత రైలుపట్టాల పక్కనా, పాత శ్మశానాల్లోనూ ఉంది, అక్కడ నాగలి దిగలేదు కాబట్టి. ఆ చోట్లకు గునపం పట్టుకుని సహజమైన ఎరుపు కోసం ఎవరైనా బయల్దేరితే, డబ్బా రంగు కొనుక్కోమని నేనే చెబుతాను.