దేహం రోగగ్రస్తమైనా: నకులపిత సుత్తాలు, వృద్ధుల మానసిక ఆరోగ్యం – ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

వృద్ధాప్యంలో మనశ్శాంతికి ధ్యానమే మంచి మందు అనే మాట ఇప్పుడు తరచుగా వినబడుతున్నది. బౌద్ధ సాధన నుండి వచ్చిన శ్వాస ధ్యానాన్ని కొందరు వైద్యులు కూడా సూచిస్తున్నారు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలలో పరిచర్య చేసే కాపరులకు ఇది దూరపు విషయం కాదు. పిల్లలు బ్రతుకుతెరువు కోసం బెంగళూరు వెళ్లిపోగా ఇంటిలో మిగిలిపోయిన తలిదండ్రులు, చూపు మందగించి మగ్గం దిగిన నేతగాండ్రు ఇక్కడ ప్రతి వీధిలోను కనబడతారు. వారికి ధ్యానం నేర్పవచ్చునా అని అడిగితే, కొందరు "మందే గదా, తప్పేమి?" అంటారు. మరికొందరు "అది అన్యమత సాధన, వద్దు" అంటారు. ఇరువురూ మూలపాఠాన్ని చదవకుండానే తీర్పు చెబుతున్నారు. ఆధునిక పరిశోధన ఆ పాఠంలో నుండి ఒక సాధనను మాత్రమే తీసుకొని, దాని చుట్టూ ఉన్న మానవ సంబంధాలను విడిచిపెట్టినదని, మన వృద్ధులకు ఎక్కువ అవసరమైనది ఆ విడిచిపెట్టిన భాగమేనని చూపడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

1. మూలపాఠం

సంయుత్త నికాయంలో ఖంధ సంయుత్తం నకులపిత సుత్తంతో ప్రారంభమవుతుంది. స్థలం భగ్గ దేశంలోని సుంసుమారగిరి. నకులపిత అనే గృహస్థుడు బుద్ధుని యొద్దకు వచ్చి మూడు సంగతులు విన్నవించుకుంటాడు: తాను ముసలివాడయ్యాడు, దేహం రోగంతో ఉన్నది, గురువును, భిక్షువులను చూచే అవకాశం అరుదైపోయినది. బుద్ధుడు అతని రోగాన్ని కొట్టివేయలేదు. ఇటువంటి దేహాన్ని మోస్తూ క్షణమైనా ఆరోగ్యంగా ఉన్నానని చెప్పుకోవడం అవివేకమని ఒప్పుకున్న తరువాతనే, దేహం రోగగ్రస్తమైనా మనస్సు రోగగ్రస్తం కాకుండా అభ్యసించమని బోధిస్తాడు. ఈ వరుస గమనార్హం. మొదట సత్యాన్ని అంగీకరించడం, తరువాతనే బోధ.

సిద్ధార్థుడు చూచిన నాలుగు దృశ్యాల కథలో ముసలివాడు కేవలం ఒక దృశ్యం. అతనిని ఎవరూ ఏమీ అడగరు. 29 ఏళ్ల వయస్సు వచ్చేవరకు ఒకడు వృద్ధుని చూడకపోవడం నమ్మదగినదా అని అంబేడ్కర్ 1957లో వెలువడిన 'బుద్ధుడు – ఆయన ధమ్మం' గ్రంథపు పీఠికలోనే ప్రశ్నించాడు. నకులపిత సుత్తంలో మాత్రం వృద్ధుడే మాట్లాడతాడు. తన బాధను తానే చెబుతాడు.

తరువాత సారిపుత్తుడు అతని ముఖం తేటగా ఉండడం గమనించి కారణం అడుగుతాడు. దేహాన్ని, వేదనను, తక్కిన స్కంధాలను "నేను", "నాది" అని పట్టుకొన్నవానికి అవి మారినప్పుడు దుఃఖం కలుగుతుందని వివరిస్తాడు. అయితే ఈ వివరణతో నకులపిత తక్కిన దినాలు ఎట్లు గడిపాడో సుత్తం చెప్పదు. అతడు సంతోషించాడనే మాటతో ముగుస్తుంది. ఇది ఈ పాఠంలోని లోటు.

ఆ లోటును అంగుత్తర నికాయంలోని మరొక సుత్తం కొంతవరకు పూరిస్తుంది. అక్కడ నకులపిత తీవ్రమైన జబ్బుతో మంచం పట్టాడు. అతని ఆందోళనను కనిపెట్టి ఓదార్చినది భార్య నకులమాత. తనకు పత్తి వడకడం, ఉన్ని దువ్వడం వచ్చునని, పిల్లలను పోషించి ఇల్లు నిలుపుకోగలనని ఆమె అతనికి ధైర్యం చెబుతుంది. జబ్బు నయమై, చేతికర్రతో బుద్ధుని యొద్దకు వచ్చినప్పుడు అటువంటి భార్య దొరకడం నీ భాగ్యమని బుద్ధుడు అతనితో అంటాడు. సారిపుత్తుడు "నాది" అనే పట్టును విడిపిస్తున్నాడు. నకులమాత మాత్రం పిల్లలు నీవారు కారని చెప్పలేదు, వారికి అన్నం పెట్టే మార్గం చూపినది. కండెలు చుట్టి ఇల్లు గడిపిన ధర్మవరం వృద్ధురాలికి ఈ ఓదార్పు వెంటనే అర్థమవుతుంది.

2. పరిశోధన కొలచినది

1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో జాన్ కబట్-జిన్ బౌద్ధ ధ్యానాన్ని మత చట్రం నుండి వేరుచేసి ఎనిమిది వారాల శిక్షణగా రూపొందించాడు. దీని ఫలితాలను వృద్ధులలో పరీక్షించిన రెండు పెద్ద అధ్యయనాలు 2022లో వెలువడ్డాయి. అమెరికాలో 65–84 ఏళ్ల వయస్సుగల 585 మందిపై జరిగిన అధ్యయనంలో ఆరు నెలల తరువాత జ్ఞాపకశక్తి విషయంలో ధ్యానం వలన ప్రత్యేక మేలు కనబడలేదు. ఫ్రాన్స్‌లోని కాన్ నగరంలో 18 నెలల పాటు జరిగిన అధ్యయనంలో మెదడు పరిమాణంలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. అయితే ఏకాగ్రత, ఆత్మపరిశీలన వంటి విషయాలలో ధ్యానం చేసినవారు పరభాష నేర్చుకొన్నవారికంటె కొంత మెరుగుగా ఉన్నారు. ఇవి కుంగుబాటు రోగులపై చేసిన పరీక్షలు కావు గనుక ధ్యానం నిరుపయోగమని వీటినుండి తేల్చడం న్యాయం కాదు. సర్వరోగ నివారిణి అని ప్రచారం చేయడం కూడా న్యాయం కాదు.

కొలమానంలోనూ చిక్కు ఉన్నది. 1997లో వెలువడిన డ్యూక్ మతనిష్ఠ సూచికలో ఐదు ప్రశ్నలున్నాయి. మొదటిది ఆరాధనకు ఎంత తరచుగా హాజరవుతారని అడుగుతుంది. నకులపిత ఫిర్యాదే తాను రాలేకపోతున్నానని. ఆ ప్రశ్నకు అతనికి తక్కువ మార్కులే వస్తాయి. మంచం పట్టిన మన విశ్వాసికీ అంతే. హాజరు పట్టీని చూచి విశ్వాసాన్ని అంచనా వేసే కాపరి ఈ సూచిక చేసిన పొరపాటునే చేస్తున్నాడు.

3. మన ప్రాంతపు సాక్ష్యం

పెనుకొండలో జైన ఆలయం, బాబయ్య దర్గా ప్రసిద్ధం. బౌద్ధ సాక్ష్యం కావాలంటే ఉత్తరంగా గుత్తి దాటి ఎర్రగుడి వెళ్లాలి. అక్కడి బండలపై క్రీ.పూ. 3వ శతాబ్దపు అశోకుని శాసనాలున్నాయి. తలిదండ్రులకు, పెద్దలకు విధేయులై ఉండవలెనని చిన్న శిలాశాసనం ఆదేశిస్తుంది. ఎనిమిదవ శిలాశాసనం రాజు వేట విహారాలు మాని ధర్మయాత్రలు చేసినట్లు, వాటిలో వృద్ధులను దర్శించి ధనమిచ్చినట్లు చెబుతుంది. కాబట్టి మన ప్రాంతానికి సమీపంలో రాతిపై నిలిచిన బౌద్ధాచారం వృద్ధుని ఇంటికి వెళ్లడం. నకులపితకు కొరవడినదీ అదే.

4. మనం వేరుపడే చోటు

ఇంతమాత్రాన రెండు మార్గాలు ఒక్కటేనని అనరాదు. బాహ్యపురుషుడు కృశించినా ఆంతర్యపురుషుడు నూతనమవుతాడని పౌలు 2 కొరింథీ 4లో వ్రాసినది పైకి సుత్తాన్ని పోలి ఉన్నది. కాని సారిపుత్తునికి దేహం "నేను" కాదు. పౌలుకు అదే దేహం పునరుత్థానం కోసం ఎదురుచూస్తున్నది. 71వ కీర్తనలోని వృద్ధుడు "నేను" అనే మాటను విడువడు. తనను ముసలితనంలో త్రోసివేయవద్దని మొరపెడతాడు. ఆ మొరను వినకుండా వైరాగ్యం బోధిస్తే వృద్ధుని నోరు నొక్కినట్లే. అదే విధంగా, విశ్వాసం ఉంటే దిగులు ఉండదని చెప్పే ప్రసంగం కూడా ప్రార్థనను మందుగా మార్చి, మందు పనిచేయకపోతే రోగినే తప్పుపడుతుంది.

ముగింపు

2021లో వెలువడిన భారత వృద్ధాప్య అధ్యయన నివేదిక ప్రకారం 60 ఏళ్లు దాటినవారిలో 8.3 శాతం మందిలో కుంగుబాటు లక్షణాలున్నాయి. వీరిలో అత్యధికులకు వైద్య నిర్ధారణ జరగలేదు. వారు "డిప్రెషన్" అని చెప్పరు. నిద్ర పట్టడం లేదని, ముద్ద దిగడం లేదని, దేవుడు తీసుకుపోతే బాగుండునని చెబుతారు. రెండు వారాలకు మించి ఇట్లు ఉంటే కాపరి వారిని వైద్యుని యొద్దకు తీసుకువెళ్లాలి. టెలి మానస్ 14416, వృద్ధుల సహాయవాణి 14567 సంఘ ప్రకటనల పలకపై ఉండవలసిన నంబర్లు. ఊపిరిని గమనిస్తూ కూర్చోవడం వలన ఎవరికైనా నెమ్మది కలిగితే దానికి భయపడనక్కరలేదు. కాని ఆ నెమ్మదిని దర్శనానికి, వినడానికి, పింఛను కాగితాలు సరిచేసి పెట్టడానికి బదులుగా ఇవ్వరాదు. నకులపిత తనకు దర్శనం కరువైనదని తానే వచ్చి చెప్పగలిగాడు. మన సంఘాలలో అట్లు వచ్చి చెప్పలేనివారి పేర్లు వ్రాసుకొని, వారి ఇండ్లకు వెళ్లే వంతులు నిర్ణయించుకొనడం కాపరులు ఈ వారమే ఆరంభించదగిన పని.