పెదవి ఒకటంటే గొంతు ఇంకొకటి

డబ్బింగ్ మాటలు రాసేవాళ్ల చూపు ముందు నటుల పెదాల మీదికే పోతుంది. ప, బ, మ వచ్చినచోట పెదాలు కలిశాయా లేదా? ఏ భాష సినిమా చూస్తున్నా ఈ జబ్బు వదలదు. చైనా సిరీస్ ‘వర్డ్ ఆఫ్ ఆనర్’ (2021) చూసినప్పుడు ఈ జబ్బే నాకు పనికొచ్చింది. ఇద్దరు కత్తివీరుల కథ అది. కొన్ని సీన్లలో నటుడి పెదాలు ఒకటి పలుకుతుంటే గొంతు ఇంకేదో చెబుతుంది. అక్కడ తప్పు డబ్బింగ్ రైటర్‌ది కాదు. షూటింగ్‌లో పలికిన గాఢమైన మాటల్ని తర్వాత గొంతుతో మెత్తబరిచారని అక్కడి అభిమానులు సీన్లు ఆపి ఆపి, పెదాలు చదివి తేల్చారు. గొంతు సెన్సార్ కోసం, పెదాలు అభిమానుల కోసం.

ఈ కథల్ని ‘బాయ్స్ లవ్’ అంటారు, పొట్టిగా బీఎల్. మగవాళ్ల మధ్య ప్రేమను ఎక్కువగా ఆడవాళ్లే రాస్తారు, ఆడవాళ్లే చదువుతారు. 1970లలో జపాన్‌లో ఆడపిల్లల బొమ్మల పత్రికల్లో హగియో మోతో, తాకెమియా కెయికో లాంటివాళ్లు వేసిన దారి ఇది. ఈ కథలన్నిటిలో ఒకటే సంగతి గమనిస్తున్నాను: రాసేవాడి ఎదురుగా ఎవరు కూర్చున్నారనే దాన్నిబట్టే ఆ ఇద్దరు మగవాళ్లు ఎలా ప్రేమించుకోవాలో తేలుతుంది.

చైనాలో 2019లో వచ్చిన ‘ది అన్‌టేమ్డ్’ దీనికి పాఠ్యపుస్తకం. మో షియాంగ్ తోంగ్ షియు రాసిన నవలలో వెయ్ వూషియాన్, లాన్ వాంగ్జీ చివరికి జంట అవుతారు. యాభై ఎపిసోడ్ల సిరీస్‌లో మాత్రం ఒకరి మనసు ఒకరికి తెలిసిన ఆప్తమిత్రులు, అంతే. ముద్దు లేదు, ‘ప్రేమ’ అన్న మాటా లేదు. ఉన్నదల్లా నుదుటికి కట్టుకునే ఒక తెల్ల పట్టీ. లాన్ వంశంలో దాన్ని తల్లిదండ్రులో, భార్యాబిడ్డలో తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు. చల్లని కొలను అడుగున గుహలో ప్రాణం మీదికొస్తే లాన్ వాంగ్జీ ఆ పట్టీని తీసి తన చేతికీ వెయ్ వూషియాన్ చేతికీ కలిపి చుడతాడు. మామూలు ప్రేక్షకుడికి అది అపాయంలో వేసిన ఉపాయం. నవల చదివిన అమ్మాయికి అది పెళ్లి. అధికారికి అందులో కత్తిరించడానికి ఏమీ దొరకదు. ఒక్క డైలాగూ లేకుండా ముగ్గురికి మూడు అర్థాలు చెప్పిన ఆ సీన్ రాసినవాళ్ల మీద నాకు వృత్తిపరమైన అసూయ ఉంది.

అయితే ఈ దాగుడుమూతలు ఎక్కువ కాలం సాగలేదు. 2021 సెప్టెంబరులో అక్కడి ప్రసార నియంత్రణ సంస్థ ‘ఆడంగి’ పోకడల మగవాళ్లను తెరమీద చూపొద్దని ఆదేశించింది. పూర్తయిన సిరీస్‌లు కూడా అటకెక్కాయి.

ఎదురుగా కూర్చున్నవాళ్లు మారితే ఏమవుతుందో మనకు తెలియంది కాదు. ‘ఆర్ఆర్ఆర్’ (2022)లో వంతెన కింద రామ్, భీమ్ ఒకరి చేయి ఒకరు పట్టుకుంటే మనం ఈలలు వేశాం, దోస్తీ అనుకున్నాం. అమెరికాలో చాలామంది అదే సీన్‌ను ప్రేమకథగా చూశారు. ఆశ్చర్యపోయినవాళ్లు ఉన్నారు, నవ్వినవాళ్లు ఉన్నారు. మన తెరమీద మగవాళ్లు కౌగిలించుకుని ఏడవడానికి ఎప్పుడూ అడ్డు లేదు. వాళ్లు కూర్చున్న థియేటర్లో అడ్డు ఉంది. అందుకే వాళ్లకు అది వేరేలా కనిపించింది.

థాయ్‌లాండ్‌లో సెన్సార్ చైనాలో ఉన్నంత గట్టిగా లేదు. అక్కడ ఎదురుగా కూర్చున్నది అభిమాని. 2016లో వచ్చిన ‘సోటస్’ ఇంజనీరింగ్ కాలేజీ సీనియర్, జూనియర్ల మధ్య ర్యాగింగ్‌తో మొదలై ప్రేమలోకి దిగుతుంది. మన కాలేజీలు చూసినవాళ్లకు ఆ ర్యాగింగ్ సగం బాగా తెలిసిందే. ఆ తర్వాత పరిశ్రమ ఒక పద్ధతి పట్టుకుంది. ఎపిసోడ్లు సబ్‌టైటిళ్లతో యూట్యూబ్‌లో పెడతారు. హీరో సీన్ మధ్యలో చిప్స్ ప్యాకెట్‌నో ఫేస్‌క్రీమ్‌నో కెమెరా వైపు తిప్పుతాడు. ఇద్దరు నటుల్ని జంటగా కట్టి సిరీస్ తర్వాత సిరీస్, అభిమానుల సభ తర్వాత సభ నడుపుతారు. తెర దిగినా జంట విడిపోకూడదు. అందులో ఒకతనికి నిజజీవితంలో ప్రేయసి ఉందని తెలిస్తే గగ్గోలు.

ఈ లెక్కలు స్క్రిప్టులోకి దిగుతాయి. కథలో ఆడపిల్ల అయితే విలన్, కాకపోతే పెళ్లిళ్ల పేరమ్మ. హీరో మాత్రం ‘‘నేను గే కాదు, నువ్వంటేనే ఇష్టం’’ అంటాడు. ఒకతన్ని పట్టుకుని ‘‘నా పెళ్లాం’’ అనే సరసమూ పాతదే. నాకు ఆ మాట వినపడినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. నాకైతే సెన్సార్ కన్నా అభిమానిని మెప్పించాలన్న ఆత్రమే సీన్‌ను ఎక్కువ చప్పగా చేస్తుందనిపిస్తుంది. సెన్సార్ భయంలో రచయిత తెలివి పదునెక్కుతుంది. చప్పట్ల కోసం రాసినప్పుడు నిన్నటి సీన్‌నే మళ్లీ రాస్తాడు. అలాగని అక్కడ అంతా అదే కాదు. 2021 చివర్లో మొదలైన ‘నాట్ మీ’లో ప్రేమికులు స్వలింగ వివాహ హక్కు కోసం వీధిలోకి వస్తారు. ఆ చట్టం అక్కడ 2025 జనవరి 23న అమల్లోకి వచ్చింది.

ఈ కథలు నిజంగా ఎవరి గురించి, వాళ్లకేమిటి అని జపాన్‌లో 1992లోనే మసాకి సాతో అనే గే కార్యకర్త ఒక చిన్న స్త్రీవాద పత్రికలో కోపంగా నిలదీశాడు. దాని మీద ఏళ్ల తరబడి వాదం నడిచింది. నాకు అందులో ఎవరి పక్షమూ పూర్తిగా నచ్చలేదు. జవాబు లాంటిది నాకు కనిపించింది ఒక వంటకథలో.

యోషినాగా ఫుమి బీఎల్ రాసి పేరు తెచ్చుకున్నావిడ. ‘వాట్ డిడ్ యూ ఈట్ యెస్టర్‌డే?’ను మాత్రం వయసొచ్చిన మగవాళ్లు చదివే పత్రికలో 2007 నుంచి వేస్తోంది. 2019లో టీవీ సిరీస్ అయింది. నడివయసు లాయరు షిరో, క్షౌరశాలలో పనిచేసే కెంజి కలిసి బతికే జంట. నెల సరుకుల ఖర్చు ఇంతకు మించకూడదని షిరో లెక్క. పుచ్చకాయ మొత్తం కొంటే ఎక్కువని మార్కెట్లో ఎవరో గృహిణితో కలిసి చెరిసగం కొంటాడు. ఆఫీసులో తన సంగతి చెప్పడు. కెంజి తన కస్టమర్ల దగ్గర చెప్పేశాడని తెలిసి మండిపడతాడు. గుండెలదిరే చూపులు లేవు, వానలో ముద్దులు లేవు. బాస్, అమ్మానాన్న, ముసలితనం, రసీదులు ఉన్నాయి. చదివేవాళ్లు మారగానే ఆవిడ కలం ఎంత దూరం నడిచిందో చూడండి.

ఇక తాగామె గెంగోరో అటునుంచి వచ్చినవాడు. ఏళ్లుగా గే పత్రికలకు ఒళ్లు జలదరించే శృంగార బొమ్మలు వేసిన చెయ్యి అది. 2014లో సాధారణ పాఠకుల పత్రికకు ‘మై బ్రదర్స్ హజ్బెండ్’ మొదలుపెట్టాడు. 2018లో జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే దాన్ని సిరీస్‌గా తీస్తే కెనడా మనిషి మైక్ వేషం మాజీ సుమో మల్లుడు బారుతో వేశాడు. కథ మొదలయ్యేసరికే మైక్ భర్త చనిపోయి ఉంటాడు. ప్రేమకథ అయిపోయాకే తెర లేస్తుంది. మనం చూసేదంతా చచ్చిపోయినవాడి కవల సోదరుడు యాయిచి, ఈ మనిషిని ఇంట్లోకి రానివ్వాలా, కూతురికి ఏమని చెప్పాలి అని గింజుకోవడమే. కూతురు కానా మాత్రం మొదటిరోజే మైక్‌తో కలిసిపోతుంది.