ఎర్రమంజిల్ నేర్పే సున్నం విద్య

హైదరాబాద్ అమీర్‌పేటలో ఎల్బీనగర్ వైపు వెళ్లే మెట్రో ఎక్కితే పంజాగుట్ట దాటగానే వచ్చే స్టేషన్ ఎర్రమంజిల్. రోజూ ఆ పేరు వింటూ దిగే, ఎక్కే వాళ్లలో చాలామంది అదొక పేట పేరనుకుంటారు. నిజానికి అదొక మేడ పేరు. ఖైరతాబాద్, పంజాగుట్టల మధ్య రోడ్డుకు పక్కగా గుట్ట మీద ఉంటుంది. నిజాం కొలువులో మంత్రిగా పనిచేసిన నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ 19వ శతాబ్దంలో దాన్ని కట్టించారు. 150కి పైగా గదులు, ఐరోపా బరోక్ పద్ధతిలో తీర్చిన స్తంభాలు, కమానులు, గోడల నిండా నగిషీలు. కాలం మారాక అందులో ప్రభుత్వ ఇంజనీర్ల కార్యాలయాలు వెలిశాయి.

ఆ నగిషీలను దూరం నుంచి చూసినవాళ్లు చెక్కిన రాయి అనుకుంటారు. అది రాయి కాదు, గచ్చు. ఇటుక గోడ మీద సున్నం మెత్తి, తడి ఆరకముందే తాపీతో, వేళ్లతో తీర్చిన పని. చార్మినార్ మొదలుకొని కుతుబ్‌షాహీ సమాధులు, సంతోష్‌నగర్ దగ్గరి పైగా సమాధుల వరకు ఈ నగరపు అందమంతా ఈ సున్నం పని మీదే నిలబడింది. అందుకే హైదరాబాద్ చరిత్ర తెలుసుకోవాలనుకునేవాళ్లు నవాబుల పేర్ల కన్నా ముందు సున్నం సంగతి తెలుసుకోవాలంటాను.

ఈ విద్య ఎంత పాతదో తెలియాలంటే టర్కీ దాకా వెళ్లాలి. టర్కీ అంటే హైదరాబాదీలకు గుర్తొచ్చేది 1931లో నిజాం కొడుకుల్ని పెళ్లాడి ఇక్కడికి వచ్చిన ఒట్టోమన్ రాకుమార్తెలు దుర్రుషెహ్వార్, నిలోఫర్. నిలోఫర్ పేరు మీద ఆసుపత్రే ఉంది. కానీ ఆ దేశంతో మన గోడలకున్న పోలిక అంతకన్నా చాలా పాతది. కొన్యా మైదానంలో చాతల్‌హొయుక్ అనే దిబ్బ ఉంది. అక్కడ సుమారు 9,000 ఏళ్ల కిందట వేలమంది కాపురమున్నారు. ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉండేవి, మధ్యలో వీధులు లేవు. మిద్దె మీద నడిచి, పైకప్పులోని దారి గుండా నిచ్చెనతో ఇంట్లోకి దిగేవారు. చనిపోయినవాళ్లను ఇంటి అరుగుల కిందే పూడ్చేవారు. జేమ్స్ మెలార్ట్ 1961లో అక్కడ తవ్వకాలు మొదలుపెట్టారు. 1993 నుంచి ఇయాన్ హాడర్ బృందం దశాబ్దాల పాటు కొనసాగించింది. 2012లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

అక్కడ పరిశోధకుల్ని ఆకట్టుకున్నవాటిలో గోడల పూతలు ఒకటి. తొలినాటి ఇళ్లలో కొన్నిటికి కాల్చిన సున్నంతో నేల చేశారు. తర్వాతి కాలంలో చుట్టుపక్కల దొరికే సున్నపు తెల్లమట్టినే గోడలకు పూశారు. పొయ్యి పొగకు గోడ నల్లబడేది, మళ్లీ పూసేవారు. ఒక్కో గోడ మీద అలాంటి సన్నని పొరలు వందల్లో బయటపడ్డాయి. కొన్ని పొరల మీద బొమ్మలు కూడా ఉన్నాయి. అంటే ఆ ఊరు నిలిచింది ఒక్కసారి గట్టిగా కట్టినందువల్ల కాదు, ఏటేటా చేయి వేసినందువల్ల. పండక్కి ఇంటికి సున్నం వేసే తెలుగువాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇక పనితనం సంగతి. సున్నపురాయిని బట్టీలో దాదాపు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు బయటికి పోతుంది. నూరు కిలోల మేలైన రాయి కాలితే మిగిలేది సుమారు 56 కిలోల పొడిసున్నం. దాని మీద నీళ్లు పోస్తే బుసలు కొట్టి, ఉడికి, వెన్నలాంటి ముద్ద అవుతుంది. ఆ ముద్దను నీళ్ల కింద ఎంత ఎక్కువ కాలం నానబెడితే అంత మేలు. తొందరపడితే లోపల మిగిలిన ఉడకని పలుకులు గోడ మీదికెక్కాక ఉబ్బి, పూతను పగలగొడతాయి.

ఆ తర్వాత గానుగ. గుండ్రటి కాలువలో సున్నం, ఇసుక, ఇటుక పొడి వేసి, ఎద్దులు లాగే రాతి చక్రంతో నూరేవారు. డంగు సున్నం అనేది దీన్నే. ఇటుక పొడిని సుర్ఖీ అంటారు. అది కలిస్తే సున్నం తడిలో కూడా గట్టిపడుతుంది. కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం, బిల్వకాయ గుజ్జు, మినపపిండి, గుడ్డు తెల్లసొన, చెట్ల జిగురు లాంటివి పని తీరును బట్టి, ఊరిని బట్టి కలిపేవారు. పట్టు నిలవడానికి, నునుపు రావడానికి, నీరు ఇంకకుండా ఉండడానికి ఇవి సాయపడతాయి.

గిలాబు ఒక్కసారి చేసే పని కాదు. ముందు గోడను బాగా తడపాలి. మొదటి పూత గరుకుగా, మందంగా ఉంటుంది. పైకి పోయేకొద్దీ ఇసుక సన్నబడుతుంది, పూత పలచబడుతుంది. ఒక పూత తగినంత గట్టిపడ్డాకే రెండోది. పొడుగాటి అంచులకు, చూరు పట్టీలకు రేకుతో కోసిన అచ్చును తడి సున్నం మీద లాగుతారు. పూలు, లతలు మాత్రం చేతిపనే. ఎండ ఎక్కువైతే తడిగోనె కప్పాలి, లేకపోతే నెర్రెలిస్తుంది. ఆఖరున పాలరాతి పొడి కలిపిన మెత్తని సున్నం పూసి, నున్నటి రాయితో రుద్దుతారు. అప్పుడొచ్చే మెరుపు రంగుతో రాదు.

గోడ మీదికెక్కిన సున్నం బట్టీలో పోగొట్టుకున్న వాయువును గాలిలోంచి మెల్లగా తిరిగి తీసుకుంటుంది. ఏళ్ల తరబడి సాగే ఈ మార్పుతో మళ్లీ రాయవుతుంది. ఈ పూతలో సన్నని రంధ్రాలుంటాయి కాబట్టి గోడలో చేరిన తేమ బయటికి ఆరిపోతుంది. సిమెంటుకు ఆ గుణం తక్కువ. పాత సున్నపు గోడకు సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుంటుంది, దాంతోపాటు ఉప్పు పేరుకుంటుంది, ఇటుక పొడిపొడి అవుతుంది. పైకి గట్టిగా కనిపించే మరమ్మతే లోపల గోడను తినేస్తుంది.

కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఇదే జరిగింది. 2013లో మొదలైన పునరుద్ధరణలో ఆగాఖాన్ ట్రస్టు నిపుణులు, మేస్త్రీలు ముందుగా చేయాల్సి వచ్చిన పని గత శతాబ్దంలో పూసిన సిమెంటును తొలగించడం. తర్వాత మళ్లీ సున్నంతోనే పని చేశారు. 2019 మే నెలలో చార్మినార్ మినార్ నుంచి నగిషీ ముక్క ఒకటి ఊడిపడింది. 1591 నాటి కట్టడానికి కూడా చేయి వేస్తూ ఉండాలని ఆ ముక్క గుర్తుచేసింది.

అదే ఏడాది ఎర్రమంజిల్‌కు గండం వచ్చింది. కొత్త శాసనసభ భవనం కోసం ఆ మేడను కూల్చాలని ప్రభుత్వం తలపెట్టింది. జూన్‌లో శంకుస్థాపన కూడా జరిగింది. నవాబు వారసులు, నగర వారసత్వాన్ని కాపాడాలనుకునేవాళ్లు హైకోర్టు తలుపు తట్టారు. 2019 సెప్టెంబర్ 16న హైకోర్టు ప్రభుత్వ నిర్ణయాన్ని కొట్టివేసింది. మేడ దక్కింది. కానీ కూల్చకుండా వదిలేయడం కాపాడడం కాదు. వానాకాలం గడిచిన ప్రతిసారీ చేయి వేయని సున్నపు గోడ కొంత కరుగుతుంది.

కోచింగ్ సెంటర్లతో కిక్కిరిసే అమీర్‌పేటకు ఊళ్ల నుంచి వచ్చి కంప్యూటర్ కోర్సులు నేర్చుకునే పిల్లలు ఎందరో. వాళ్లకు రెండు స్టేషన్ల దూరంలోనే ఈ మేడ ఉంది. అక్కడ సున్నం పని నేర్పే బడి ఒకటి పెట్టాలి. తాపీ మేస్త్రీలకు, ఆర్కిటెక్చర్, సివిల్ ఇంజనీరింగ్ చదివే పిల్లలకు ఆ గోడల మీదే పాఠం చెప్పాలి. మేడ బాగవుతుంది, పని తెలిసిన చేతులు పెరుగుతాయి. తాతల నాటి మిద్దె ఉన్నవాళ్లకు కూడా ఒక మాట: పెచ్చు ఊడిందని వెంటనే సిమెంటు బస్తా తెప్పించకండి. సున్నం పని తెలిసిన మేస్త్రీని వెతికి పిలవండి, ఆయన దగ్గర నేర్చుకోవడానికి కుర్రాణ్ణొకణ్ణి పక్కన పెట్టండి.