రెండో గీత కనిపించాక

ప్రతి నెలా 9వ తేదీన గర్భిణుల పరీక్షల రోజు. మా అనకాపల్లిలో ఆ పొద్దున ల్యాబ్ ముందు బెంచీలు చాలవు. హెచ్‌ఐవీ, సిఫిలిస్‌తో పాటు హెపటైటిస్ బి కూడా చూస్తాం. హెపటైటిస్ బి పరీక్ష కార్డు మీద రక్తం చుక్క వేసి పావుగంట ఆగాలి. ఒక్క గీతే వస్తే వైరస్ కనిపించలేదని, రెండొస్తే ఉందని. రెండో గీత ఒక్కోసారి వెంట్రుకంత సన్నగా వస్తుంది, కార్డును వెలుతురులో పెట్టి చూడాలి. ఎంత లేతగా వచ్చినా దాన్ని వదిలేయకూడదు, నిర్ధారణకు పంపాల్సిందే.

"నాకు కామెర్లేటీ లేవు గదమ్మా" అంటుంది రెండో గీత వచ్చిన పిల్ల. నిజమే, కళ్లు తెల్లగానే ఉంటాయి, ఒంట్లో నలత ఉండదు. ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా ఉండిపోవడమే ఈ వైరస్ తీరు. అత్తగారు పక్కనుంటే నేనా మాట ఎత్తను, లోపలికి పిలిచి చెబుతాను. వెంటనే వచ్చే ప్రశ్న నాకు తెలుసు: "నానేటి తప్పు చేసినాను?" ఏ తప్పూ లేదమ్మా, నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మ నుంచే వచ్చి ఉండొచ్చు.

పెద్దవాళ్లకు సోకితే నూటికి 95 మందికి దానంతటదే పోతుంది. పురిట్లో సోకిన బిడ్డల్లో మాత్రం నూటికి 90 మందికి ఉండిపోయి, ముందుముందు కాలేయాన్ని పాడుచేస్తుంది. అందుకే బిడ్డ పుట్టిన 24 గంటల్లోపే తొలి టీకా. తల్లికి ఉందని తెలిస్తే 12 గంటల్లోపు రెండో తొడకు ఇమ్యునోగ్లోబులిన్ కూడా. వైరస్ మరీ ఎక్కువుంటే తల్లికి చివరి నెలల్లో టెనోఫోవిర్ మాత్రలు. టీకా పడ్డ బిడ్డకు తల్లిపాలు మానక్కర్లేదు, ఈ మాట ఎన్నిసార్లయినా చెబుతాను. ఒకప్పుడు ఈ టీకా కలిగినవాళ్లకే అందేది. 1997లో హైదరాబాద్‌లో వరప్రసాద్ రెడ్డిగారి శాంతా బయోటెక్నిక్స్ దాన్ని ఇక్కడే తయారుచేసి ధర దించింది. ఇప్పుడు సర్కారు ఆసుపత్రిలో ఉచితం.

నా దిగులు ఈ ఫలితం రాసే తల్లీబిడ్డల కార్డు గురించే. పరీక్ష అత్తారింట్లో ఉండగా అవుతుంది, పురుడు పుట్టింట్లో. అర్ధరాత్రి నొప్పులొచ్చి 108 ఎక్కితే కార్డు బీరువాలో ఉండిపోతుంది, పురుడు పోసే నర్సుకు సంగతి తెలియదు. టీకా సీసా ఉన్న ఫ్రిజ్ తాళం పగటి డ్యూటీవాళ్లతో వెళ్లిపోతే మరీ అన్యాయం. ఫలితాన్ని అట్ట మీద కాకుండా లోపలి పేజీలో, నలుగురి కంటా పడకుండా స్పష్టంగా రాస్తాను. పురిటి సంచిలో అన్నిటికన్నా పైన ఆ కార్డే పెట్టుకోమంటాను, పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి పంపినా ముందు ఆ పేజీ తీసి చూపించమంటాను. వచ్చే వారం భర్తనీ, ముందు పుట్టిన పిల్లలుంటే వాళ్లనీ కూడా పరీక్షకు వెంటబెట్టుకు రమ్మంటాను.