మాట ఒకటే, కట్టడం వేరు

ఫ్రాన్స్‌లోని చారిత్రక కట్టడాల వర్ణనలను ఇంగ్లిష్‌లోకి తెచ్చేటప్పుడు కొరుకుడుపడని మాటలతో పెద్ద ప్రమాదం లేదు. అనువాదకులు నిఘంటువు తెరుస్తారు. ప్రమాదమంతా తెలిసినట్టే కనిపించే మాటలతో. 1066లో ఇంగ్లండ్ నార్మన్ల చేతికి వెళ్లాక ఫ్రెంచి మాటలు ఇంగ్లిష్‌లో విస్తారంగా చేరాయి. కాలం గడిచేకొద్దీ వాటిలో చాలావాటి అర్థాలు రెండు దారులు పట్టాయి.

కోటలోని ప్రధాన బురుజును ఫ్రెంచిలో ‘దొంజోఁ’ అంటారు. పారిస్ అంచున వాన్సెన్ కోటలో ఉన్నది 14వ శతాబ్దపు రాజనివాసం, ఎత్తు సుమారు 50 మీటర్లు. ఈ మాటే ఇంగ్లిష్‌లో ‘డంజన్’ అయి నేలకింది చెరసాలకు దిగిపోయింది. అక్కడ రాయాల్సింది ‘కీప్’.

‘ఒతెల్’ ఇంకా చిక్కు. పారిస్‌లో ‘ఒతెల్ ద విల్’ పురపాలక భవనం, ‘ఒతెల్ దియో’ ఆసుపత్రి. ‘ఒతెల్ పర్తిక్యులియే’ సంపన్నుల సొంత నగర భవనం; మారె పేటలోని ఒతెల్ ద సుల్లీ అలాంటిది. దీన్ని చాలామంది ‘టౌన్‌హౌస్’ అని రాస్తారు. అది చాలదు. లండన్ టౌన్‌హౌస్ సాధారణంగా పక్కింటి గోడను ఆనుకొని, వీధికి ముఖం పెట్టి వరుసలో నిలుస్తుంది. పారిస్ భవనంలో అసలు నివాసం ముందరి ముంగిలికీ వెనక తోటకూ నడుమ ఉంటుంది. ఫ్రెంచి పేరే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ఒక్క వాక్యంలో వివరించడం మేలు.

‘షాతో’ను ప్రతిచోటా ‘కాజిల్’ అనడమూ కుదరదు. వెర్సాయ్ కోట కాదు, రాజప్రాసాదం. రక్షణ కోసం కట్టిన కోటను ఫ్రెంచివారే ‘షాతో ఫోర్’ అని వేరు చేస్తారు. ఇక గోతిక్ చర్చిల్లో ‘ఓజీవ్’ అంటే కప్పు కింద మూల నుంచి ఎదురు మూలకు సాగే రాతి పక్కటెముక. ఇంగ్లిష్‌లో అదే మాటకు మొనదేలిన కమాను అని అర్థం.

2019 ఏప్రిల్ 15న నోత్ర్‌దామ్ మంటల్లో కూలిన ‘ఫ్లేష్’ను ఇంగ్లిష్ పత్రికలు ‘స్పైర్’ అన్నాయి. తప్పు కాదు. కానీ ఇంగ్లండ్‌లోని సాల్స్‌బరీ కేథడ్రల్‌లో గోపురం మీద రాతితో లేచినదీ స్పైరే. 19వ శతాబ్దంలో వాస్తుశిల్పి వియొలె ల ద్యుక్ నోత్ర్‌దామ్ కప్పు మీద నిలిపినది సీసం తొడిగిన ఓక్ కలప. ‘ఫ్లేష్’ అనే మాట ఇంగ్లిష్ వాస్తు పదజాలంలోనూ ఉంది. అది వాడితే, కప్పు అంటుకోగానే అదెందుకు నిలవలేదో పాఠకుడికి అందుతుంది.

అంతస్తుల లెక్క చిన్న విషయమే అయినా వదలరానిది. ఫ్రెంచివారి మొదటి అంతస్తు నేల అంతస్తుకు పైది. బ్రిటన్ లెక్కా అదే, అమెరికాలో మాత్రం అది రెండోది.